బెంచీ మీది అబ్బాయికి ప్రొఫెషనల్ ఆట దక్కుతుందా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మావాడు వేరే రాష్ట్రంలో ఒక చిన్న డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై శ్రేణి) కాలేజీలో మూడో సంవత్సరం చదువుతూ బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. ఆరడుగుల ఐదంగుళాలు. మా ఇంటావంటా లేని పొడుగు. మ్యాచ్‌కి ఓ పదిహేను నిమిషాలు ఆడతాడు, నాలుగు పాయింట్లు వేస్తాడు. అవతలి జట్టులో గట్టివాణ్ణి ఆపడం వాడి పని. కోచ్ మెచ్చుకుంటాడు కానీ మొదటి ఐదుగురిలో దింపడు. డిగ్రీ అయ్యాక ప్రొఫెషనల్‌గానే ఆడతానంటున్నాడు. గుంటూరు నుంచి మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా ‘మేనల్లుడు టీవీలో ఎప్పుడు కనిపిస్తాడు?’ అంటాడు. మా ఆవిడకేమో టెన్షన్. ‘కూరలో కరివేపాకులా వాడుకుని తీసి పక్కన పెడతారు’ అంటుంది. ఇలాంటి పిల్లలకి అసలు అవకాశం ఉందా?
– ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: ముందు మీ ఆవిడగారి మాట సంగతి చూద్దాం. ఎందుకంటే నేనూ కరివేపాకునే. విజయవాడలో మా కాలేజీ జట్టుకి నేను ఆరో ఆటగాణ్ణి. సిమెంటు కోర్టు, మోకాళ్ల మీద ఇప్పటికీ మచ్చలున్నాయి. మా జట్టులో ఒకడుండేవాడు. బంతి వాడి చేతికొస్తే మేం వెనక్కి తిరిగి డిఫెన్స్‌కి పరిగెత్తేవాళ్లం, రింగులో పడిందా లేదా అని చూసేవాళ్లం కూడా కాదు. ఇద్దరం స్పోర్ట్స్ కోటాలో ఒక బ్యాంకు సెలక్షన్‌కి వెళ్లాం. ఉద్యోగం నాకొచ్చింది. అక్కడ పాయింట్లు వేసేవాళ్లు అప్పటికే ముగ్గురున్నారు. ఆ ముగ్గురికి బంతి అందించి, అవతలివాణ్ణి ఊపిరి తిప్పుకోనివ్వకుండా చేసేవాడు లేడు. మావాడు వాళ్ల నాన్నగారి బట్టల కొట్టు చూసుకున్నాడు. నేను ముప్పై ఒక్క ఏళ్లు జీతం తీసుకున్నాను. ఇప్పటికీ వాడే నాకంటే గొప్ప ఆటగాడు.

మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. మిగతా సగం అంత తియ్యగా ఉండదు.

అమెరికాలో డివిజన్ 1 కాలేజీ జట్లే 350కి పైగా ఉన్నాయి. అన్నిటికంటే పైనున్న ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు 30. ఒక్కో జట్టుకి 15 మంది, పైన ‘టూ-వే’ కాంట్రాక్టు (ఎన్‌బీఏ జట్టుకీ, కింది లీగ్ జట్టుకీ ఆడే ఒప్పందం) మీద ముగ్గురు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ఏటా పిలిచేది 60 పేర్లకు మించదు. అందులోనూ చాలామంది ఒక్క ఏడాది కాలేజీ చదివిన కుర్రాళ్లు, యూరప్ నుంచి వచ్చేవాళ్లు. నాలుగేళ్లు చదివి, నాలుగు పాయింట్లు వేసే అబ్బాయి పేరు ఆ రాత్రి వినిపించదు. ఆ రాత్రి టీవీ ముందు చుట్టాలనందరినీ కూర్చోబెట్టకండి.

ఇంకో చిక్కుంది. ఎన్‌బీఏలో బెంచీ మీద కూర్చునేవాళ్లు కాలేజీలోనూ బెంచీ వాళ్లే అనుకుంటాం. కాదు. వాళ్లలో ఎక్కువమంది కాలేజీలో హీరోలు. పి.జె. టక్కర్‌నే తీసుకోండి. టెక్సాస్ యూనివర్సిటీలో ఉన్నప్పుడు 2006లో వాళ్ల కాన్ఫరెన్స్ (కలిసి పోటీపడే కాలేజీల కూటమి) మొత్తానికి మేటి ఆటగాడు. ఎన్‌బీఏ టొరంటో జట్టు 35వ పేరుగా తీసుకుంది, ఏడాది తిరక్కుండానే వదిలేసింది. ఆ తర్వాత ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ తిరిగాడు. 2012లో ఫీనిక్స్ జట్టులోకి తిరిగొచ్చేసరికి మనిషి మారిపోయాడు. పాయింట్ల సంగతి పక్కనబెట్టి, మూల నుంచి మూడు పాయింట్ల షాట్ వేయడం, అవతలి జట్టులో అందరికంటే ప్రమాదకరమైనవాడికి అడ్డం నిలబడడం, ఇదీ పని. 2021లో మిల్వాకీతో చాంపియన్ అయ్యాడు. అంటే మీవాడు ఇప్పుడు చేస్తున్న పనికే, రేపు హీరోలంతా దిగి వచ్చి పోటీ పడతారు.

మరి మీవాడికి కలిసొచ్చేదేమిటి? ఆ పని చేయడం నామోషీ కాదని వాడికి ఇప్పటికే తెలుసు. అలెక్స్ కరూసో అని ఒకడున్నాడు, మీవాడిలాగే ఆరడుగుల ఐదంగుళాలు. టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌లో నాలుగేళ్లు ఆడాడు. స్కోరింగ్ చూస్తే మ్యాచ్‌కి ఎనిమిది పాయింట్ల మనిషి. కానీ ఆ కాలేజీ చరిత్రలో అసిస్టుల్లో (బంతి అందించి తోటివాడిచేత పాయింట్లు వేయించడం), బంతి కాజేయడంలో అందరికంటే పైన నిలిచి బయటికొచ్చాడు. 2016 డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. చిన్న లీగ్‌లో ఆడి, టూ-వే కాంట్రాక్టుతో ఎన్‌బీఏ జట్టు లేకర్స్‌లో చేరి, 2020లో వాళ్లతో, 2025లో ఓక్లహోమా సిటీతో చాంపియన్ అయ్యాడు. నాలుగేళ్లకు 8.1 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. చిన్న లీగ్ కుర్రాళ్ల గురించి అతనొకసారి చెప్పినదాని సారాంశం ఇది: వీళ్లంతా పెద్ద ఆఫీసరు పోస్టుకి ఇంటర్వ్యూ అనుకుని వస్తారు, అక్కడ కావలసింది బాత్రూమ్‌లు కడిగేవాడు. ఇది చదివి నేను ఒక్కణ్ణే చాలాసేపు నవ్వుకున్నాను.

ఇక మీకు ఎవరైనా ఎన్‌బీఏ స్టార్ డెవిన్ బుకర్ కూడా కెంటకీ యూనివర్సిటీలో బెంచీ మీదే ఉండేవాడని చెప్తే, చెవిన వేసుకోకండి. నిజమే, ఉండేవాడు. ఒక్క ఏడాదే ఉండి, 18 ఏళ్ల వయసులో 13వ పేరుగా వెళ్లిపోయాడు. ఆ జట్టు బెంచీ కూడా కాబోయే ఎన్‌బీఏ వాళ్లతోనే నిండి ఉండేది. ఆ బెంచీ వేరు, మన బెంచీ వేరు.

మీకు పనికొచ్చే ఉదాహరణ డంకన్ రాబిన్సన్. మొదట విలియమ్స్ అనే చిన్న డివిజన్ 3 కాలేజీ. తర్వాత మిషిగన్ యూనివర్సిటీకి మారాడు. ఆఖరి ఏడాది కూడా ఎక్కువగా బెంచీ మీద నుంచే దిగాడు, తొమ్మిది చిల్లర పాయింట్లు. డ్రాఫ్ట్‌లో పేరు లేదు. కానీ దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ వేయడంలో మంచి గురి. ఎన్‌బీఏలో మయామీ జట్టువాళ్లకి అదొక్కటే కావాలి. 2019-20 సీజన్‌లో 270 మూడు పాయింట్ల షాట్లు వేశాడు. 2021లో అయిదేళ్లకి 9 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఒక్క విద్య, కానీ ఎవరి జట్టులోనైనా పనికొచ్చే విద్య.

అందుకే మీ ఉత్తరంలో లేని ఒక్క సంగతి అడుగుతున్నాను. మీవాడి నాలుగు పాయింట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? రింగు కింద దొరికినవా, మూల నుంచి వేసినవా? డిఫెన్స్ వచ్చి షాట్ రాకపోతే, అవతలి కోచ్ మీవాణ్ణి వదిలేసి, మీవాణ్ణి కాయాల్సిన మనిషిని ఇంకొకడి మీదికి పంపుతాడు. అప్పుడు మీ జట్టు నలుగురితో ఆడుతున్నట్టే. డిఫెన్స్‌తో పాటు మూల షాట్ ఉంటే కథ వేరు. ఈ రెండింటి మీదే బ్రూస్ బోవెన్ ఎన్‌బీఏలో మూడు చాంపియన్‌షిప్పులు గెలిచాడు. అతన్నీ డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు, ఫ్రాన్స్‌లో ఆడి వచ్చాడు. ఈ వేసవిలో మీవాడు ఒకే పని పెట్టుకోవాలని నా సలహా. రెండు మూలలూ, రోజుకి కొన్ని వందల షాట్లు, లెక్క రాసుకుంటూ.

మీరు ఫ్రిస్కోలో ఉండడం అదృష్టం. మా అమ్మాయి ప్లేనోలో ఉంటుంది. ఒక చలికాలం వెళ్లినప్పుడు అల్లుడితో కలిసి మీ ఊళ్లోని కోమెరికా సెంటర్‌లో టెక్సాస్ లెజెండ్స్ మ్యాచ్ చూశాను. అది జి లీగ్ జట్టు. జి లీగ్ అంటే ఎన్‌బీఏకి కింది మెట్టు, ఇందాక చెప్పిన చిన్న లీగ్. పంజాబ్ నుంచి వచ్చి 2015లో 52వ పేరుగా డ్రాఫ్ట్ అయిన సత్నామ్ సింగ్ ఆడింది ఈ జట్టుకే. డ్రాఫ్ట్ అయిన మొదటి భారతీయుడు, కానీ ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఆ రోజు హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఆటగాళ్లు మాత్రం ప్రాణం పెట్టి ఆడుతున్నారు. ఆ మామూలు కాంట్రాక్టుకి సీజన్‌కి 40 వేల డాలర్ల పైచిలుకు. మీ వీధిలో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ పిల్లలు నవ్వుతారు. మీవాణ్ణి తీసుకెళ్లి చూపించండి. అక్కడ బెంచీ మీద ఉన్న పన్నెండో ఆటగాడు కాలేజీలో ఎంత స్కోరు చేసేవాడో ఫోన్‌లో వెతకమనండి. నేను చెప్పేదానికంటే అది బాగా చెప్తుంది.

విదేశీ లీగుల దారి దీనికంటే వెడల్పు. యూరప్‌లో రెండో శ్రేణి, మూడో శ్రేణి లీగులు బోలెడు. చాలాచోట్ల క్లబ్బే ఇల్లిస్తుంది. కానీ విదేశీయులకి కోటా ఉంటుంది. జర్మనీ మొదటి శ్రేణిలో పన్నెండు మందిలో ఆరుగురు దేశవాళీ వాళ్లు ఉండి తీరాలి. ఉన్న కొద్ది విదేశీ చోట్లు పాయింట్లు వేసేవాళ్లకిస్తారు. డిఫెన్స్ చేయడానికి సొంత ఊరి కుర్రాళ్లున్నారుగా! తాత ఇటలీవాడో గ్రీసువాడో అయిన అమెరికన్ కుర్రాడు ఆ పాస్‌పోర్టు తెచ్చుకుని కొన్నిచోట్ల కోటా దాటేస్తాడు. మన పిల్లలకి ఆ వీలు లేదు. ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చేది) భారత జట్టుకీ ఆడలేరు, దానికి మన పాస్‌పోర్టే ఉండాలి. రెండు పౌరసత్వాలు మన దేశం ఒప్పుకోదు. ఈ ముక్క మీవాడికి ముందే చెప్పండి, ఏజెంట్లు చెప్పరు.

కాంట్రాక్టు వస్తే ఒక్క వాక్యం కోసం వెతకండి: తగాదా వస్తే జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ తీర్పు చెప్పాలని. జీతం ఎగ్గొట్టే క్లబ్బులు అక్కడా ఉన్నాయి, ఆ వాక్యం లేకపోతే పరాయి ఊళ్లో కోర్టుల చుట్టూ తిరగాలి.

ఉన్నమాట చెప్పాలంటే, మీవాడికి ఎన్‌బీఏ దాదాపు లేదు. మూల షాట్ వస్తే జి లీగ్ ట్రయల్స్‌కి పిలుపు, లేదా యూరప్‌లో ఓ చిన్న ఊళ్లో రెండేళ్ల ఆట సాధ్యమే. డిగ్రీ చేతిలో పెట్టుకుని వెళ్తే ఆ రెండేళ్లు వృథా అని నేననుకోను. మీ బావమరిదికి ‘టీవీ కాదు, ఇంటర్నెట్‌లో చూడు, అర్ధరాత్రి’ అని చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూల్ ఆఖరి ఏడాది. పెద్ద యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చోటు ఇస్తామంటున్నారు. ఒక డివిజన్ 2 కాలేజీ కొంత స్కాలర్‌షిప్ ఇస్తానంటోంది. వాడికి పెద్ద పేరు మీద మోజు. ఏది మంచిదండీ?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: ఆడనిచ్చే చోటికి పంపండమ్మా. పెద్ద జట్లకి 2025 నుంచి 15 మంది పరిమితి వచ్చింది, కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వడమూ మొదలైంది. స్కాలర్‌షిప్ లేని కుర్రాడి చోటే అన్నిటికంటే ముందు ఎగిరిపోతుంది. డివిజన్ 2లో రెండేళ్లు బాగా ఆడితే పైకి మారడం ఇప్పుడు ఇదివరకటి కంటే తేలిక, మారితే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలనే పాత నియమం పోయింది. రాబిన్సన్ అయితే ఆ ఏడాది కూర్చుని మరీ ఆడాడు.

నిర్ణయించే ముందు ఆ ఇద్దరు కోచ్‌లనీ ఒకే ప్రశ్న అడగండి: మావాడు ఆడే స్థానంలో మీకు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఏ సంవత్సరం చదువుతున్నారు? అబ్బాయిని పక్కనే కూర్చోబెట్టుకుని అడగండి.