నీ వైణికుడు ఏ శ్రుతిలో ఉన్నాడు?

పర్లాకిమిడి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ అందింది, ఆ పూటే చదివాను. చదువుతుంటే కోపం వచ్చింది, అందుకే ఇంత తొందరగా జవాబు రాస్తున్నాను. కోపం తెప్పించని కథలు నా బల్ల మీద నెలల తరబడి పడి ఉంటాయి. వాటిని పంపినవాళ్ళు నన్ను గర్విష్ఠినని తిట్టుకుంటారు.

కోపం రెండో పేజీలో మొదలైంది. నీ కథానాయకుడి వీణ తంజావూరు నుంచి వచ్చిందని రాశావు. ఎందుకమ్మా? నువ్వుండేది రాయగడలో. విజయనగరం వైపు పోయే రైలెక్కితే పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. ఆ పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరువాళ్ళు తరతరాలుగా ఒకే పనస మొద్దును తొలిచి, కుండనూ దండినీ విడదీయకుండా వీణ చేస్తున్నారు. మన ప్రాంతంలో వీణ అంటే బొబ్బిలి వీణే. నీ వైణికుణ్ణి ఆ ఊరి మీదుగా కళ్ళు మూసుకుని తంజావూరు పంపింది నువ్వు కాదు, నువ్వు చదివిన కథలు. తంజావూరు అనగానే పాఠకుడు చేతులు జోడిస్తాడని ఎవరో నీకు నేర్పారు.

ఇక అసలు సంగతి. మీ ఊరి మజ్జిగౌరమ్మ ఉత్సవాలలో అతను మెలోడీ పార్టీతో, అంటే సినిమా పాటల బృందంతో, కలిసి వేదికెక్కుతాడు. శాస్త్రీయం నేర్చినవాడు మొదటిసారి సినిమా పాట వాయించబోతున్నాడు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. నువ్వేం రాశావు? 'తంత్రులు విలపించాయి', 'నాదం దిగంతాలను తాకింది', 'అతని ఆత్మ రెండుగా చీలింది'. అంతే, సభ చప్పట్లు కొట్టింది. అతని చేతులు ఎక్కడమ్మా? ఆ మూడు పేజీలలో వేలు అన్న మాటే లేదు.

ఆ రాత్రి వేదిక మీద నిజంగా ఏం జరుగుతుందో చెబుతాను, విను. మెలోడీలో గాయకుడు మారితే శ్రుతి మారుతుంది, ఒక్కోసారి పాట మారినా మారుతుంది. కీబోర్డు అబ్బాయి ఒక మీట నొక్కి మార్చేసుకుంటాడు. గిటారు అబ్బాయి గిటారు మెడ మీద కాపో అనే పట్టీ బిగించుకుంటాడు. మరి వీణ? నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు. వ్యాఖ్యాత చందాదారుల పేర్లు చదివే ఆ కాస్త వ్యవధిలో ఏడు తీగలకూ బిరడాలు తిప్పి శ్రుతి చేయడం ఎవరివల్లా కాదు. కనుక అతను తీగలను కదపడు, షడ్జమాన్ని కదుపుతాడు. దండి మీద అడ్డంగా ఉండే మెట్లలో ఇంకో మెట్టును 'స' అనుకుని అక్కడి నుంచి వాయిస్తాడు. ఖాళీ తీగను మీటి సేదతీరే అలవాటును ఆ పాటలో మరచిపోవాలి. తాళపు తీగలు మోగాయంటే అపశ్రుతే. చిన్నప్పటి నుంచి ఆ తీగల మీద తాళం వేస్తూ వచ్చిన కుడిచేతి చిటికెనవేలిని ఆ పూటకు బిగపట్టి కూర్చోవాలి.

నీ కథ ఆ చిటికెనవేలిలో ఉంది. ఆత్మ చీలిందని రాయనక్కరలేదు. మూడో పాటలో ఆ వేలు తనకు తెలియకుండానే తీగను తాకిందని రాయి. పక్కనున్న డ్రమ్స్ అబ్బాయి తలతిప్పి చూశాడని రాయి.

వీణ గొంతు చిన్నదన్న సంగతి కూడా నీకు పట్టలేదు. డ్రమ్స్ పక్కన అది వినబడాలంటే దానికి మైకు అంటించాలి. మైకు అంటిస్తే వేలు జారిన గీర కూడా స్పీకరులో వినబడుతుంది, స్పీకరు కొంచెం దగ్గరైతే కూత పెడుతుంది. అప్పుడు మీటు మెత్తబడాలి, స్వరాన్ని ఊపే గమకానికి తీగను లాగే బలం మారాలి. శాస్త్రీయానికీ సినిమాకూ నడుమ దారి మనస్సాక్షిలో ఉందని కథకులు అనుకుంటారు. అది వేళ్ళలో ఉంది. యాభై ఏళ్ళుగా ఈ మాట అంటూనే ఉన్నాను, విన్నవాళ్ళు తక్కువ.

గురువు శాపం పెట్టే ఘట్టం చూసి మాత్రం నవ్వొచ్చింది. 'వీణను సినిమాకు అమ్ముకున్నావు, నా గుమ్మం తొక్కకు' అంటాడు నీ గురువు. ఏ ఊరి గురువమ్మా ఇతను? వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారే జెమినీ స్టూడియోలో పనిచేసి, తర్వాత ఆకాశవాణికి వెళ్ళారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు సినిమా ఆర్కెస్ట్రాలలో వీణ వాయించారు, కచేరీలలో అదే వీణ మీద కోయిలను కూయించి సంగీతం రానివాళ్ళను కూడా కూర్చోబెట్టారు. గురువే ముందు నడిచిన దారి అది. మరి ఎవరు ఎవరిని శపించాలి?

మాండొలిన్ శ్రీనివాస్ సంగతి చూడు. 1969లో పాలకొల్లులో పుట్టాడు. నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. మాండొలిన్‌కు తీగలు జంటలుగా ఉంటాయి. జంట తీగను లాగితే గమకం సరిగా పలకదు. అందుకని ఒంటి తీగలు వేసుకున్నాడు, తర్వాత అయిదో తీగ చేర్చాడు, కరెంటు మాండొలిన్ పట్టాడు. ఆ చేతులతోనే త్యాగరాజ కీర్తన వాయించాడు, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కన కూర్చునీ వాయించాడు. 2014లో పోయాడు, నలభై అయిదేళ్ళకే. అతని మీద వచ్చిన నివాళి కవితలు చాలా చదివాను. అన్నింటిలో సరస్వతీదేవి ఉంది, ఒక్క దానిలోనూ ఒంటి తీగ లేదు.

అసలు ఫిడేలు మాత్రం మనదా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ళ సంగీతం విని నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చిన వాద్యం అది. ఈరోజు ఫిడేలు లేకుండా గాత్ర కచేరీ ఊహించగలవా?

ఫిడేలు అంటే మా ఊళ్ళో ఒక మాస్టారు గుర్తొస్తారు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి శిష్యుల దగ్గర నేర్చుకున్నానని చెప్పుకునేవారు. ఉత్సవాలకు హరికథల పక్కన కూర్చునేవారు, పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు వాయించేవారు. ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు. కథలు రాస్తానంటే మా నాన్నగారు నాతో మాట్లాడటం మానేశారు. మాస్టారి వెంట టెక్కలి పెళ్ళికి మా చిన్న రైలులో వెళ్ళాను. నౌపడా నుంచి మా ఊరికి మహారాజు 1900లో వేయించిన ఆ రైలు అప్పటికి ఇంకా నడుస్తుండేది. మాస్టారి ఒళ్ళో రెండు ఫిడేళ్ళున్నాయి. రెండెందుకని అడిగాను. కళ గురించి ఏదో గొప్ప మాట చెబుతారని నోట్‌బుక్కు తీసి పెట్టుకున్నాను కూడా. ఆయన నా చేతికి కమానూ, దానికి రాసే రోజిన్ బిళ్ళా ఇచ్చి, 'రోజిన్ పూయి, ఊరికే కూర్చోకు' అన్నారు.

తర్వాత చెప్పారు. హరికథలో నేల మీద కూర్చుంటారు, ఫిడేలు తల కుడికాలి చీలమండ మీద ఆనుతుంది. బరువు కాలు మోస్తుంది కనుక ఎడమచేయి తీగ పొడవునా జారుతుంది, గమకం అక్కడ పుడుతుంది. ఆర్కెస్ట్రాలో కుర్చీ వేస్తారు, ఫిడేలును గడ్డం కింద నొక్కిపట్టాలి. చేయి ఎక్కడ నిలవాలో అక్కడ నిలవాలి. తీగల శ్రుతి కూడా వేరు. స-ప-స-ప ఒకదానికి, పాశ్చాత్యుల పద్ధతి ఇంకోదానికి. అందుకే రెండు. ఆ సాయంత్రం పెళ్ళిలో ఆయన గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని ఒక చరణం చివర చీలమండ నాటి జారు ఒకటి వేశారు. ఆర్కెస్ట్రా యజమాని కళ్ళెర్రజేశాడు, వంటవాళ్ళు మాత్రం గరిటెలు ఆపి విన్నారు.

అది కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు చీలమండ, గడ్డం, రోజిన్ అన్నీ కొట్టేశాడు, 'పాఠకులకు ఇవన్నీ దేనికి' అన్నాడు. చివర వానలో మాస్టారిని చంపేశాడు కూడా. అచ్చులో చూసేదాకా ఆయన పోయినట్టు నాకు తెలియదు. మరునాడు సంతలో మాస్టారు ఎదురుపడి, 'నా దినం ఎప్పుడోయ్?' అని అడిగారు. ఇంకో పత్రికవాళ్ళు నా తెలుగుకు ఒడియా వాసన ఉందని తిప్పి పంపారు. వాసన పట్టగలిగిన ముక్కులకు కథ ఎందుకు పట్టలేదో మరి.

ఇప్పటి మోజులు వేరు. ప్రతి దుఃఖానికీ శివరంజని, ప్రతి తెల్లవారుజాముకూ భూపాలం. రాగం పేరు పెడితే సంగీతం వినిపించినట్టే అనుకుంటున్నారు. నీ కథలో పదకొండు రాగాల పేర్లున్నాయి, లెక్కపెట్టాను. కొట్టెయ్యి. ఒక్కటి ఉంచుకో, అదీ అతని వేలికి కష్టమైనది.

ఈ ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకోవడానికి సవరలను ఇంట్లోనే పెట్టుకున్నారు. వాళ్ళ నోట విన్నాకే కాగితం మీద పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిషాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రికి వెళ్ళిపోయారు, మేం ఉండిపోయాం. ఆయన పాఠం చెప్పిన ఊరికి నువ్వు 'తంత్రీ ఝంకార మాధుర్యం' అని రాసి పంపావు. ఎంత ధైర్యం!

ఒక్క చోట మాత్రం కథ పక్కన పెట్టి లేచి తిరిగాను. వేదికెక్కే ముందు అతను ఎడమచేతి వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటుంటే, కీబోర్డు అబ్బాయి ఆ సీసా అడిగి తీసుకుని తలకు రాసుకుంటాడు. ఇది నువ్వు చూశావు. ఎవరి కథలోనూ చదవలేదు. మిగతా కథ కూడా ఆ సీసా దగ్గర నిలబడి రాసి ఉంటే నేనీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు, పిలిచి భోజనం పెట్టేవాణ్ణి.

పోటీకి పంపాలా, సొంత ఖర్చుతో పుస్తకం వేయించుకోవాలా అని అడిగావు. ముందు గొల్లపల్లి వెళ్ళిరా. మెట్లను మైనంలో ఎలా కూర్చుతారో చూడు, ఒక మెట్టు వెంట్రుకవాసి జరిగితే ఏమవుతుందో అడుగు. తర్వాత మీ ఊరి మెలోడీ పార్టీలో ఎవరైనా తీగ వాద్యం వాళ్ళుంటే ప్రోగ్రాం రోజు వెనక కూర్చో. వాళ్ళు టీ తెమ్మంటే తీసుకురా. వేదిక ఘట్టం మళ్ళీ రాసి అదొక్కటే పంపు, మొత్తం కథ వద్దు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి

తా.క.: ఈసారి ఫోనులో పంపకు, ఆ అక్షరాలు నా కంటికి ఆనవు. కాగితం మీద ఒక పక్కనే రాసి, గుణుపురం మీదుగా ఇటు వచ్చే ఎవరి చేతికైనా ఇవ్వు. గురువు శాపం మళ్ళీ కనిపిస్తే చదవకుండానే తిప్పి పంపుతాను.