ఒకరికి ఆప్ ఇస్తే నలుగురయ్యారు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వీధి కుర్రాళ్లకీ, సరిహద్దు దాటగానే వచ్చే పాతపట్నంలోని మా మావయ్య పిల్లలకీ కలిపి పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో మైన్‌క్రాఫ్ట్ ఆటకి (జావా వెర్షన్) సర్వర్ పెట్టాను. నేను లేనప్పుడు చూస్తాడని ఒకడికి ఆప్ (సర్వర్‌ని నడిపించే ఆపరేటర్ అధికారం) ఇస్తే, వాడు ఇంకో ముగ్గురికి ఇచ్చేశాడు. మొన్న ఒడియా కుర్రాళ్లు నెల రోజులు కట్టిన కోటని ఎవరో పేల్చేశారు. తెలుగోళ్లే చేశారని గొడవ. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు నలుగురికీ ఆప్ తీసెయ్యండి, మీ తమ్ముడున్నా సరే. ఆప్‌లో 1 నుంచి 4 వరకు స్థాయిలుంటాయి, మీరు సెట్టింగ్ మార్చకపోతే కమాండ్‌తో ఇచ్చేది నేరుగా 4, అంటే సర్వర్ ఆపేసే అధికారం కూడా. మామూలు మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో ఇంకొకరికి ఆప్ ఇవ్వడం, బ్యాన్ చెయ్యడం 3 నుంచే కుదురుతాయి. 2 ఇస్తే సరిపోతుందనుకోకండి, అందులోనే గేమ్‌మోడ్ (ఆడే పద్ధతి) మార్చుకోవడం, కావలసిన వస్తువులు తెచ్చుకోవడం ఉన్నాయి.

చూసుకునేవాడికి కావలసింది అల్లరి చేసేవాణ్ణి బయటికి పంపడం, ఎవరేం పగలగొట్టారో చూడడం, అంతే కదా! ఎవరికి ఏ అనుమతో పంచే లక్‌పెర్మ్స్ ప్లగిన్ (సర్వర్‌కి కలిపే అదనపు ప్రోగ్రామ్) పెట్టి, ఒక గ్రూపు చేసి, ఆ రెండు పనులకే అనుమతి ఇవ్వండి. కొత్తవాడైతే ఏడు రోజులకే ఇవ్వొచ్చు, గడువు కాగానే దానంతటదే పోతుంది. ఆప్ ఉంచేసి గ్రూపులో వేస్తే మాత్రం లాభం లేదు, పాత అధికారాలన్నీ అలాగే ఉంటాయి.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. గేమ్ కొనని పిల్లల కోసం ఆన్‌లైన్ మోడ్ (వచ్చినవాడిది గేమ్ కొన్న అసలు ఖాతానా అని చూసే సెట్టింగ్) ఆపేసి ఉంటే, ఆప్ ఉన్నవాడి పేరు పెట్టుకుని ఎవడైనా వచ్చి ఆ అధికారాలన్నీ వాడేసుకోగలడు. వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చేవాళ్ల జాబితా) కూడా అక్కడ పేరే చూస్తుంది. కాబట్టి కోట పేల్చింది మీరు అనుకుంటున్నవాడు కాకపోవచ్చు, తొందరపడి ఎవర్నీ అనకండి. ఆ మోడ్ ఆన్ చెయ్యండి, కుదరకపోతే పాస్‌వర్డ్ అడిగే ప్లగిన్ అయినా పెట్టండి.

ఎవరేం కట్టారో, పగలగొట్టారో రాసిపెట్టే కోర్‌ప్రొటెక్ట్ ప్లగిన్ ముందే ఉండి ఉంటే కోట వెనక్కి తెచ్చెయ్యొచ్చు, కానీ అది పెట్టిన రోజు నుంచే లెక్క రాసుకుంటుంది. లేకపోతే బ్యాకప్ వెతకండి, అదీ లేకపోతే మీరే క్రియేటివ్‌లోకి (వస్తువులన్నీ ఊరికే దొరికే గేమ్‌మోడ్) వెళ్లి ఆ కుర్రాళ్లతో కలిసి మళ్లీ కట్టండి. ఎవరికి ఏ అనుమతి ఉందో వాట్సాప్ గ్రూపులో తెలుగులోనూ ఒడియాలోనూ ఈరోజే పెట్టెయ్యండి.