సమాధానం వచ్చిందన్నావు సరే, అమ్మతో మాట్లాడావా?

చిట్టితల్లీ,

కువైట్‌లో నర్సు ఉద్యోగం సంగతి మీ అమ్మ చెప్పింది, నువ్వు చెప్పలేదు. ఆ తగువు తర్వాత పెట్టుకుందాం. మన ఇంట్లో సముద్రం దాటబోయే మొదటి పిల్లవి నువ్వే, మీ అత్తకి గర్వం లేదనుకోకు, పక్కింటావిడకి అప్పుడే చెప్పేశాను కూడా. కానీ "ప్రార్థన చేసుకున్నాను, సమాధానం వచ్చింది, శుక్రవారం ఏజెంటుకి మూడు లక్షలు కట్టేస్తున్నా" అన్నావట. మన చర్చి భాషలో సమాధానమంటే జవాబు కాదు, మనశ్శాంతి; ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు.

ప్రార్థన మానకు, వాక్యం చదువుకో. నైట్ డ్యూటీలు పడతాయి కాబట్టి పొద్దున్నే చదవాలని పట్టు పట్టకు, ఎప్పుడు వీలైతే అప్పుడే. అక్కడ సెలవు శుక్రవారం, ఆరాధనలూ ఆ రోజే ఎక్కువ, తెలుగువాళ్ళ కూడికలున్నాయి, వెతుక్కుని వెళ్ళు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు సరిగ్గా తెలియనిది మీ నాన్న హామీ సంతకం కథ. అప్పటికి నువ్వు చంకలో పిల్లవి. చర్చిలో మీ నాన్న పక్కన నిలబడి పాటలు పాడే ఒకాయన, బ్యాంకు లోనుకి సంతకం పెట్టమని ఇంటి చుట్టూ తిరిగాడు. పొద్దున వస్తాడు, కాఫీ తాగుతాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, మళ్ళీ సాయంత్రం వస్తాడు. మీ అమ్మ వద్దంది. నేనూ వద్దన్నాను. ఒక రాత్రి మీ నాన్న డాబా మీద ప్రార్థన చేసుకుని కిందికి దిగొచ్చి "దేవుడు నాకు సమాధానం ఇచ్చాడు" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం? దేవుడి పేరు ఎత్తాక ఎదురు చెప్తే విశ్వాసం లేనివాళ్ళం అయిపోతాం. సంతకం పెట్టి వచ్చిన రాత్రి మీ నాన్న గురక పెట్టి నిద్రపోయాడు. మీ అమ్మ వంటింటి గడప మీద కూర్చుని, ఒకసారి ఏరేసిన కందిపప్పునే చేటలో పోసుకుని మళ్ళీ ఏరుతోంది, తలెత్తి నా వైపు కూడా చూడలేదు. మీ నాన్నకి దొరికింది సమాధానం కాదే. ఆ మనిషి రేపట్నుంచి గుమ్మంలోకి రాడు కదా అన్న తెరిపి. ఆయన ఊరొదిలేశాడు, బ్యాంకు నోటీసు మన ఇంటికొచ్చింది, కాలవ కింద పొలం పోయింది. పొలం పోతే పోయింది, దేవుడే తనని మోసం చేశాడన్నట్టు మీ నాన్న చాన్నాళ్ళు చర్చి గడప తొక్కలేదు చూడు, అది నాకు ఇప్పటికీ మనసులో ముల్లే.

బైబిల్లో యోనా ప్రవక్త కూడా హాయిగానే నిద్రపోయాడు కదా. దేవుడు నీనెవెకి వెళ్ళమంటే తప్పించుకుని తర్షీషు ఓడెక్కాడు, ఓడ దొరికింది, చేతిలో ఓడ చార్జీకి డబ్బుంది, తుపానులో ఓడ అడుగున గాఢనిద్ర. యేసు ప్రభువేమో సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో తండ్రి చిత్తంలోనే ఉండి చెమట రక్తబిందువుల్లా కారేంత వేదన పడ్డాడు. మనసు తేలికపడింది కాబట్టి దేవుడు సరే అన్నాడనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఆలోచించు.

"క్రీస్తు అనుగ్రహించు సమాధానము మీ హృదయములలో ఏలుచుండ నియ్యుడి" అని వాట్సాప్ స్టేటస్ పెట్టావు, చూశాను. కొలస్సయులకు 3:15. సగమే పెట్టావు తల్లీ. వెంటనే "ఇందుకొరకే మీరొక్క శరీరముగా పిలువబడితిరి" అనుంది. దానికి రెండు వచనాల ముందు ఒకరినొకరు సహించండి, క్షమించండి అనుంది. గదిలో తలుపేసుకున్న మనిషికి కాదు పౌలు రాసింది, కలిసి బతకాల్సిన సంఘానికి. మీ అమ్మకి మొహం చాటేసి తెచ్చుకున్న సమాధానాన్ని నేను నమ్మను. రేపు వార్డులో కూడా అంతే. తోటి సిస్టర్‌తో మాటా మాటా అనుకుని, ఆవిడ మీద ఇన్‌ఛార్జికి మెసేజ్ టైప్ చేశాక గుండె బిగుసుకుందనుకో, పంపకు. ముందు ఆవిడతో మాట్లాడు.

ఇక ఆ శుక్రవారం గడువు దేవుడు పెట్టింది కాదు, ఏజెంటు పెట్టింది. నేను గుంటూరులో ట్రైనింగ్ చేసినప్పుడు అక్కడ ఆసుపత్రి పెట్టిన మిషనరీ డాక్టరు కుగ్లర్ అమ్మగారి సంగతి చెప్పేవాళ్ళు. అమెరికా నుంచి 1883లో వచ్చింది. ఆవిడని డాక్టరుగా పంపడానికి మిషను వాళ్ళు అప్పటికి సిద్ధంగా లేరు, పాఠాలు చెప్పడానికని వచ్చి, వచ్చిన రోగుల్ని చూస్తూనే ఉంది. ఆసుపత్రి తెరిచింది 1898లో! నువ్వు నాలుగు రోజులు ఆగలేవా?

కువైట్ లాంటి దేశాలకి నర్సుల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం 2015లో రూలు పెట్టింది. మనకి ఓంక్యాప్ ఉంది, తెలంగాణ వాళ్ళకి టామ్‌కామ్. లైసెన్సున్న ఏజెంటైనా నీ దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప సర్వీస్ చార్జీ తీసుకోకూడదు. మూడు లక్షలు దేనికో అడుగు. విదేశీ ఉద్యోగాల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైట్‌లో ఆ ఏజెంటు పేరుందో లేదో చూడు. ఇవన్నీ చూసుకోవడం విశ్వాసం తక్కువై కాదు, నా మాట విను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రా. ఆఫర్ లెటరు, పాస్‌పోర్టు పట్టుకుని రా, మీ అమ్మ ముందు పెట్టి ముగ్గురం చూద్దాం. వెళ్ళొద్దనడానికి కాదే పిచ్చిదానా, కాగితాలు సరిగ్గా ఉంటే విమానం దాకా నేనే వచ్చి ఎక్కిస్తాను. అక్కడ జనవరిలో రాత్రుళ్ళు చలేస్తుందట, నా ఉన్ని శాలువా నీకే తీసిపెట్టాను.

అమ్మకి ఈ రాత్రే ఫోన్ చెయ్యి. నాకు తర్వాత చేద్దువుగాని.

మీ అత్త