గేమ్ డెవలప్‌మెంట్ కోర్సుకి డబ్బు కట్టే ముందు ఏం చూడాలి?

కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను, గేమ్స్ తయారుచేసే ఉద్యోగం కావాలి, లోన్ తీసుకుని ఏడాది కోర్సులో చేరనా, సొంతంగా నేర్చుకోనా అని మీరు అడిగారు. నేను గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌ని, అంటే గేమ్‌లో పాత్రలు ఎలా కదలాలి, ఏం చేయాలి అనే కోడ్ రాస్తాను. మీరడిగినలాంటి కోర్సు నడిపే ఇన్‌స్టిట్యూట్‌లోనే చదివాను. ఇప్పుడు మా టీమ్‌లోకి కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూల్లోనూ కూర్చుంటున్నాను.

మొదట సిలబస్ చూడండి. ప్రోగ్రామింగ్, 3డి మోడలింగ్, యానిమేషన్, సౌండ్, లెవెల్ డిజైన్ అన్నీ తలా కొన్ని వారాలు చెప్తామంటే అనుమానించాల్సిందే. ఉద్యోగాలు వేటికవే ఉంటాయి. అన్నీ కాస్త కాస్త వచ్చినవాళ్ల కోసం ఎవరూ వెతకరు. మీది కంప్యూటర్ సైన్స్ కాబట్టి ప్రోగ్రామింగ్ వైపే అనుకుని చెప్తున్నాను.

తర్వాత, పాత విద్యార్థుల గేమ్స్ చూపించమనండి. ట్రైలర్ వీడియోలు కాదు, మనం డౌన్‌లోడ్ చేసుకుని ఆడగలిగేవి. నాలుగైదు ఆడితే చాలు, సంగతి తెలిసిపోతుంది. అందరిదీ ఒకే ట్యుటోరియల్ గేమ్, రంగులు మాత్రం వేరు అయితే అక్కడ నేర్పేది స్క్రీన్ చూసి టైప్ చేయడమే. మా క్లాసులు చాలావరకు అలాగే నడిచాయి. నాకు నిజంగా పనికొచ్చింది చివరి ప్రాజెక్టు. ఆర్ట్ బ్యాచ్‌వాళ్లతో కలిసి చేయాల్సి వచ్చింది. వాళ్లు పంపిన మోడల్ గేమ్ ఇంజిన్‌లో (గేమ్‌ను తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) పెడితే గదంత సైజులో వచ్చేది. ఇద్దరం ఒకే సీన్ ఫైల్ మార్చి గిట్‌లో (అందరి మార్పులనూ కలిపే టూల్) కలపబోతే గొడవ. తప్పెవరిదని వాదించుకుంటూనే పని జరగడం ఎలాగో నేర్చుకున్నాం. వీడియోలు ఎన్ని చూసినా ఇది రాదు. అందుకే డబ్బు కడితే ఇలాంటి టీమ్ పనికీ, మీ కోడ్ చదివి తప్పులు చెప్పే మనిషికీ కట్టండి. డెమో క్లాసుకి వెళ్లినప్పుడు 'మా కోడ్ ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకోసారి చూస్తారు' అని సూటిగా అడగండి.

పాఠాలు మాత్రం ఉచితంగానే దొరుకుతాయి. యూనిటీ అనే గేమ్ ఇంజిన్ వాళ్ల సొంత పాఠాల సైట్ యూనిటీ లెర్న్ ఉంది. హార్వర్డ్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ కోర్సు సీఎస్50 వాళ్లదే ఒక గేమ్ కోర్సు ఉంది, అది పాంగ్ లాంటి చిన్న గేమ్‌తో మొదలవుతుంది. గోడాట్ ఇంజిన్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్.

ఏ ఇంజిన్ అని మరీ టెన్షన్ పడకండి. యూనిటీ అయితే సి షార్ప్, అన్‌రియల్ అయితే సి ప్లస్ ప్లస్, బ్లూప్రింట్స్ (కోడ్ టైప్ చేయకుండా బొమ్మల బ్లాకులు కలిపే పద్ధతి). ఒకటి పట్టుకుని గట్టిగా నేర్చుకోండి. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ ఇన్‌స్టాల్‌ల లెక్కన ఫీజు వసూలు చేస్తామని ప్రకటిస్తే డెవలపర్లు భగ్గుమన్నారు, ఏడాదికి దాన్ని రద్దు చేశారు. ఈలోపు కొందరు వేరే ఇంజిన్లకు మారిపోయారు. బేసిక్స్ తెలిసినవాళ్లకు ఆ మారడం తేలిక, మెనూలు బట్టీపట్టినవాళ్లకు మళ్లీ మొదటినుంచీ.

బేసిక్స్ అంటే? ఇంటర్వ్యూలో నేను అడిగే ప్రశ్న ఒకటి చెప్తాను: క్యారెక్టర్ వేగాన్ని డెల్టా టైమ్‌తో (ముందు ఫ్రేము నుంచి గడిచిన సమయం) ఎందుకు గుణిస్తారు? గుణించకపోతే, సెకనుకు 30 ఫ్రేములు వచ్చే మెషీన్‌తో పోలిస్తే 60 వచ్చే మెషీన్‌లో వాడు రెట్టింపు వేగంతో పరిగెడతాడు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఇక్కడే ఆగిపోతారు. శత్రువు ముందు ఉన్నామో వెనక ఉన్నామో డాట్ ప్రోడక్ట్‌తో (రెండు దిశలు ఎంత కలుస్తాయో చెప్పే లెక్క) ఎలా చెప్పొచ్చు, స్టేట్ మెషీన్ (క్యారెక్టర్ నిలబడటం, పరిగెత్తడం లాంటి స్థితులు ఎప్పుడు మారాలో చూసుకునే పద్ధతి) ఎందుకు, 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లే ఉంటాయి, ఇవీ అలాంటివే. సర్టిఫికెట్ చూపించమని మాత్రం నేనెవర్నీ అడగలేదు.

'100 శాతం ప్లేస్‌మెంట్' అంటే ఏ ఉద్యోగాల్లో అని అడగండి. మా బ్యాచ్‌లో కొందరు టెస్టింగ్‌లోకి, కొందరు మామూలు యాప్ డెవలప్‌మెంట్‌లోకి వెళ్లారు. అవేమీ తక్కువ పనులు కావు, కానీ బ్రోచర్‌లో ఆ సంగతి ఉండదు. 2023, 2024లలో పెద్ద స్టూడియోలు కూడా వేలమందిని తీసేశాయి కాబట్టి డిగ్రీని మధ్యలో వదలొద్దు.

ఇక లోన్ సంగతి. ఇప్పుడే వద్దు. ముందు ఒక చిన్న గేమ్‌ను మెనూ, పాజ్, సౌండ్, రీస్టార్ట్‌తో సహా పూర్తి చేసి ఇచ్ డాట్ ఐఓలో (గేమ్స్ అందరికీ అందుబాటులో పెట్టే సైట్) పెట్టండి. కొద్ది సమయంలో గేమ్ తయారుచేసే గ్లోబల్ గేమ్ జామ్ లాంటి వాటిలో ఒకదానికి వెళ్లి, తెలియనివాళ్లతో కలిసి రెండు రోజుల్లో ఏదో ఒకటి చేసి చూడండి. అప్పటికీ ఇదే పని చేయాలనిపిస్తే, మీకు ఎక్కడ సాయం కావాలో తెలిసే ఉంటుంది. ఆ లోటు తీర్చే కోర్సు కనిపిస్తే చేరండి.