ఉద్యోగం మానేస్తే ఈ అలసట తీరుతుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఏడాదిన్నర. పన్నెండేళ్లుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్నాను, ఇప్పుడు టీమ్ లీడ్‌ని. ప్రసూతి సెలవు ముగించుకుని తిరిగి చేరి ఏడాది కావస్తోంది. ఆరేడు నెలలుగా ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టుంది. లేస్తూనే నీరసం. ఆఫీసు మెయిల్ తెరవాలంటే గుండె దడదడలాడుతుంది. ఇంటికి రాగానే బాబు వచ్చి కాళ్లకు చుట్టుకుంటే ముద్దు రావాల్సింది పోయి విసుగొస్తోంది. వాడు నిద్రపోయాక వాణ్నే చూస్తూ ఏడుస్తాను. రాత్రి రెండు మూడుసార్లు లేస్తాడు, నేనే చూసుకుంటాను. మావారు మంచివారే, అడిగితే సాయం చేస్తారు. ఒకప్పుడు కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడమంటే ఎంతో ఇష్టంగా ఉండేది, ఇప్పుడు దానికీ తీరిక లేదు. ఎందుకు బతుకుతున్నానో, దేనికోసం ఇంత పరుగో తెలియడం లేదు. ఉద్యోగం మానేస్తే బాగుపడతానా? నేను చెడ్డ తల్లినా?
– ఓ పాఠకురాలు

సమాధానం (మానసిక వైద్య నిపుణురాలు): మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. లేకపోతే మిగతాదంతా చదువుతున్నంతసేపూ అదే మిమ్మల్ని తొలుస్తూ ఉంటుంది. మీరు చెడ్డ తల్లి కాదు. బిడ్డ మీద ప్రేమ లేని మనిషి, వాడు నిద్రపోయాక పక్కన కూర్చుని ఏడవదు. మీలో ప్రేమ అలాగే ఉంది, సత్తువే అడుగంటింది. అలసట బాగా ముదిరితే మనసు తనను తాను కాపాడుకోవడానికి మనుషుల నుంచి కాస్త వెనక్కి జరుగుతుంది. కాళ్లకు చుట్టుకున్న బిడ్డ మీద మీకొచ్చే విసుగు అదే.

ఇంకో మాట సూటిగా అడగాలి. ‘ఎందుకు బతుకుతున్నానో’ అని రాశారు. అలసిపోయినవాళ్లు చాలామంది ఆ మాట అంటారు. ‘ఈ పరుగు ఆగితే చాలు’ అన్నదే వాళ్ల ఉద్దేశం. మీదీ అదే కావచ్చు. కానీ చచ్చిపోవాలనిపించడం, నేను లేకపోతేనే పిల్లలకు మేలనిపించడం, నన్ను నేనో బిడ్డనో ఏమైనా చేసేస్తానేమోనన్న భయం, వీటిలో ఏ ఒక్కటి మనసులోకి వచ్చినా ఈ జవాబు చివరిదాకా చదవడానికి కూడా ఆగొద్దు. ఇప్పుడే మీవారికి చెప్పండి, ఇవాళే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. రాత్రయితే ఆస్పత్రిలో అత్యవసర విభాగం ఉంటుంది. ఆ సమయంలో ఒంటరిగా మాత్రం ఉండొద్దు.

మీరు చెప్పిన లక్షణాలకు బర్న్‌అవుట్ అనే పేరు సరిపోతుంది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త ఉచిత వైద్యశాలల్లో సేవ చేసే సిబ్బందిని గమనించి ఈ స్థితి గురించి రాశారు. ఆయన గమనించినవాళ్లు పని ఎగ్గొట్టేవాళ్లు కాదు, పని మీద ప్రాణం పెట్టేవాళ్లు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఏదీ పట్టించుకోని మనిషికి ఈ బాధ రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో (2022 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11) దీన్ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానన్న భావన, ఈ మూడూ దాని గుర్తులు.

అయితే ఆ నిర్వచనం ఉద్యోగానికే పరిమితం. మీ అలసటలో సగం ఇంట్లో పుడుతోంది. బెల్జియంలో ఇసబెల్ రోస్కామ్, మొయిరా మికొలాజాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి తల్లిదండ్రుల్లో వచ్చే బర్న్‌అవుట్‌ను అధ్యయనం చేశారు. పిల్లల పనుల్లో నిలువునా నీరసించిపోవడం, ‘నేను ఇలాంటి అమ్మను కాదే, ఎలా అయిపోయాను’ అని కుమిలిపోవడం, ఇక నావల్ల కాదనిపించడం, పిల్లలకు అన్నీ చేస్తూనే మనసులో వాళ్లకు దూరం కావడం, ఇవి వాళ్లు గుర్తించిన నాలుగు లక్షణాలు. 42 దేశాల్లో 17 వేల మందికి పైగా తల్లిదండ్రులతో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. ఎవరికి వారుగా బతికే సంస్కృతి ఉన్న దేశాల్లోనే ఇది ఎక్కువని అందులో తేలింది. పెంపకం అంతా ఒకరి నెత్తిన పడితే మనిషి ఎంత గట్టిదైనా తట్టుకోలేదు. మీ జమాఖర్చుల పుస్తకంలో ఇటు ఆఫీసు, అటు ఇల్లు, రెండూ ఖర్చు పేజీలే. జమ ఎక్కడా కనబడటం లేదు.

మనసు సంగతి మాట్లాడే ముందు ఒంటిని చూడాలి. మానసిక వైద్యురాలినై ఉండి కూడా ఇంత అలసటతో వచ్చిన ప్రతి తల్లికీ నేను మొదట రాసేది రక్తపరీక్షలే. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత. అది బాగానే ఉన్నా శరీరంలో ఐరన్ నిల్వలు తగ్గిపోయి ఉండొచ్చు, అందుకే ఫెరిటిన్ కూడా చూడాలి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష తప్పకుండా చేయించండి. కాన్పయ్యాక ఏడాదిలోపు కొందరిలో థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. మొదట గుండెదడ, చిరాకు, ఆ తర్వాత నీరసం, మతిమరుపు, దిగులు. తల్లులు వాటన్నిటినీ ‘పిల్లాడితో నిద్రలేక’ అనుకుని సరిపెట్టుకుంటారు. కొందరిలో ఆ లోపం అలాగే ఉండిపోతుంది. బీ12, చక్కెర కూడా చూపించుకోండి. ఈ లోపాలకు మందులున్నాయి. వీటిని వదిలేసి జీవితానికి అర్థం వెతుక్కుంటూ కూర్చోవడం మీకు అన్యాయం.

తర్వాత తేల్చుకోవాల్సింది డిప్రెషన్ సంగతి. బర్న్‌అవుట్, డిప్రెషన్ రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒక్కోసారి కలిసే వస్తాయి. నేను అడిగే ప్రశ్న ఒకటుంది: బాధ్యతలేవీ లేని వారం ఒకటి మీ చేతికిస్తే ఏం చేయాలనిపిస్తుంది? ‘హాయిగా నిద్రపోతాను, స్నేహితురాలి దగ్గరకు వెళ్తాను’ అని నోటికి వెంటనే వస్తే అది ఎక్కువగా బర్న్‌అవుట్ వైపు చూపిస్తుంది. ‘ఏమీ చేయాలనిపించదు, ఏదీ రుచించదు’ అనిపిస్తే, రెండు వారాలకు పైగా రోజంతా అదే దిగులుంటే, డిప్రెషన్ కావచ్చు. అప్పుడు విశ్రాంతి ఒక్కటే చాలదు, కౌన్సెలింగ్, అవసరమైతే మందులు కావాలి. బాబు ఇంకా పాలు తాగుతుంటే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి, దానికి తగ్గ మందులు ఎంచుకుంటారు. ఇది నేను ఉత్తరం చదివి తేల్చగలిగింది కాదు, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఇక నిద్ర. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటలు కావాలి. మీకు ఏడు గంటలు మంచం మీద గడిచినా మూడు ముక్కలుగా తెగిపోతోంది. తెగిన నిద్ర ముందుగా దెబ్బకొట్టేది ఓర్పునే. మర్నాడు చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరగడం, పిల్లల మీద అరవడం అక్కడి నుంచే వస్తాయి. కాబట్టి రాత్రిని రెండుగా పంచుకోండి. ఒంటిగంట దాకా బాబు లేస్తే ఆయన, ఆ తర్వాత లేస్తే మీరు. మొదటి సగం మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. నాలుగైదు గంటలు తెగని నిద్ర వరుసగా పది రోజులు దొరికితే మీ ఆలోచనల రంగే మారుతుంది. బాబు మొదట్లో మీకోసం ఏడుస్తాడు. నాన్న చేతుల్లో ఏడవడం వల్ల వాడికి హాని జరగదు.

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది ‘అడిగితే సాయం చేస్తారు’ అన్న దగ్గర. మీ అలసటలో పెద్ద భాగం ఆ ‘అడిగితే’లోనే ఉంది. టీకా ఎప్పుడు, పాపకు బూట్లు బిగుతయ్యాయా, స్కూల్లో ఫారం ఏ రోజులోగా ఇవ్వాలి, పాల డబ్బా ఎన్ని రోజులొస్తుంది... ఇవన్నీ కనిపెట్టేది, గుర్తుంచుకునేది, సమయానికి అడిగేది, చేశారో లేదో చూసుకునేది మీరే. అలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 35 జంటలను విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడి 2019లో ఒక విశ్లేషణ ప్రచురించారు. నిర్ణయం తీసుకునే దగ్గర భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారు, ముందుగా కనిపెట్టడం, చివరిదాకా వెంటపడి చూసుకోవడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతోందని అందులో తేలింది. ఈ పని కంటికి కనిపించదు, అందుకే దానికి సెలవూ లేదు. మీరు మీటింగ్‌లో కూర్చున్నా అది తలలో తిరుగుతూనే ఉంటుంది.

అందుకని సాయం అడగడం మానేసి, పనుల్నే పంచండి. పాప స్కూలు వ్యవహారం మొత్తం ఆయనది అనుకుంటే ఫీజు నుంచి టీచర్‌తో మాట్లాడటం దాకా, ఏ తేదీన ఏముందో గుర్తుంచుకోవడం దాకా ఆయనదే. మీరు గుర్తుచేయకూడదు. మొదటి నెలలో ఏదో ఒకటి మర్చిపోతారు. మీకు చేతులు ఊరుకోవు, ‘నేనే చేసేస్తే అయిపోయేది’ అనిపిస్తుంది. దయచేసి చేయకండి. ఆ ఒక్క క్షణం ఓర్చుకోలేక పనిని వెనక్కి లాక్కున్న ఎంతో మంది తల్లులను చూశాను. నా ఇంట్లో నేనూ లాక్కున్నాను, వదిలేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఈ మాట మీవారితో గొడవ మధ్యలో ఎత్తొద్దు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు ఒక కాగితం మీద ఇంటి పనులన్నీ, కనిపించనివి కూడా, రాసి ముందు పెట్టండి. ఆయన మంచివారని మీరే అన్నారు. చాలామంది భర్తలు ఆ కాగితం చూసి నిజంగానే ఉలిక్కిపడతారు. ఒంటరి తల్లులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ కాగితం మీ తోబుట్టువుల ముందో దగ్గరి స్నేహితుల ముందో పెట్టండి.

సాయంత్రం విసుగుకు చిన్న ఉపాయం ఉంది. ఆఫీసు నుంచి నేరుగా అమ్మ పాత్రలోకి దూకకుండా పావుగంట విరామం పెట్టుకోండి. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు కాస్త నడవండి, లేదా ఏమీ చేయకుండా కూర్చోండి, ఫోన్ చూడకుండా. తర్వాత ఇరవై నిమిషాలు బాబుతో నేల మీద కూర్చోండి. మిగతా సాయంత్రమంతా అంతంత మాత్రంగా గడిచినా ఫరవాలేదు. తల్లీబిడ్డల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన ఎడ్వర్డ్ ట్రోనిక్ గమనించిందేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న జంటల్లో కూడా తల్లి స్పందన, బిడ్డ భావం సరిగ్గా కలిసేది సుమారు 30 శాతం సమయమే. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడం. బిడ్డకు నమ్మకం కలిగేది ఆ కలుపుకోవడంలోనే. కసిరేశాక దగ్గరకు తీసుకుని ‘అమ్మ అలిసిపోయింది నాన్నా, నీ తప్పేం లేదు’ అనండి. పాపకైతే ఆ మాట పూర్తిగా అర్థమవుతుంది కూడా.

ఆఫీసులో ‘ఒత్తిడిగా ఉంది’ అని చెబితే సానుభూతి వస్తుంది, పని తగ్గదు. మీ చేతిలో ఉన్న పనుల జాబితా పట్టుకెళ్లి ‘వీటిలో ఈ నెల ఏది ఆపమంటారు?’ అని మేనేజర్‌ను అడగండి. రాత్రి మెయిళ్లు చూడటం ఆపండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఉద్యోగం మానేయాలా? ఈ స్థితిలో నిర్ణయించకండి. అలసిన మనసుకు ఉన్న దారులన్నీ మూసుకుపోయినట్టే కనిపిస్తాయి, పారిపోవడం ఒక్కటే మిగిలినట్టుంటుంది. పైగా మీ అలసటలో ఇంటి వాటా పెద్దదైతే, ఉద్యోగం మానేశాక రోజంతా ఆ భారం కిందే ఉంటారు, చేతిలో సొంత సంపాదనా ఉండదు. ముందు వీలైనంత సెలవు తీసుకోండి, కొన్నాళ్లు పని గంటలు తగ్గించుకునే వీలుందేమో అడగండి. రెండు మూడు నెలలు నిద్ర, వైద్యం, ఇంటి పంపకం సరిగ్గా నడిచాక కూడా ఆ ఆఫీసు గడప తొక్కాలంటే కడుపులో తిప్పుతుంటే, అక్కడ అన్యాయమో, మీ విలువలకు పొసగని పనో ఉంటే, అప్పుడు మానేయండి. అది ఓటమి అనుకోవద్దు. ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకోవాలని విశ్రాంతి తీరిన మనసు కోరుకుంటే అదీ గౌరవించాల్సిన నిర్ణయమే.

‘దేనికోసం ఈ పరుగు’ అన్నదానికి నా దగ్గర తయారుగా జవాబు లేదు. మీ ఉత్తరంలోనే ఒకటి కనిపించింది. అన్ని వాక్యాల్లోనూ బరువుంది, ఒక్కదాంట్లో వెలుతురుంది: కొత్తవాళ్లకు పని నేర్పడం. దాన్ని మీరు అలా దారిలో వచ్చిన మాటలా రాసేసి వెళ్లిపోయారు. 2009లో టేట్ షానఫెల్ట్ అనే వైద్యుడి బృందం ఒక వైద్య కేంద్రంలోని డాక్టర్లను పరిశీలించింది. తమకు అన్నిటికంటే అర్థవంతంగా అనిపించే పనికి సమయంలో కనీసం 20 శాతం, అంటే వారంలో ఒక్క రోజు కేటాయించగలిగినవాళ్లలో బర్న్‌అవుట్ చాలా తక్కువగా ఉంది. మిగతా నాలుగు రోజులు వాళ్లదీ మామూలు చాకిరే. మీరు డాక్టర్ కాకపోయినా ఇది మీకు పనికొస్తుందని నా నమ్మకం. టీమ్ లీడ్ అయ్యాక నివేదికలు, సమీక్షలు వచ్చి మీకు ఇష్టమైన పనిని మింగేశాయి. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు తగ్గించమని అడగడంతో పాటు దీన్ని తిరిగి ఇవ్వమనీ అడగండి. వారానికి రెండు గంటలు, ఇద్దరు కొత్తవాళ్లు, అంతే. మొదట్లో ఏ ఉత్సాహమూ లేకపోవచ్చు. నాలుగైదు వారాలు చేసి చూడండి.

అది మాత్రం ఈ వారం పని కాదు. ఈ వారానికి రెండే: రక్తపరీక్షలు, రాత్రి మొదటి సగం నిద్ర. రిపోర్టులు వచ్చాక మీ ఫ్యామిలీ డాక్టర్‌కు, ఆపైన ఒకసారి సైకియాట్రిస్ట్‌కు చూపించండి. వెళ్లేటప్పుడు నాకు రాసిన ఈ ఉత్తరాన్నే పట్టుకెళ్లండి. డాక్టర్ ఎదుట కూర్చోగానే ‘పెద్దగా ఏం లేదండీ, కాస్త నీరసం’ అనేస్తారు మీలాంటివాళ్లు. ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టుగా ఉంది.