పాయింట్లున్నా ఫైనల్ టికెట్ రాలేదు, కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా జాతీయ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల క్లబ్బులో చాలా ఏళ్లుగా సభ్యుణ్ణి. ఏటా రుసుం కడుతున్నాను. మ్యాచ్‌లకు వెళ్లినప్పుడల్లా పాయింట్లు ఇస్తారు. పెద్ద టోర్నీల్లో పాయింట్లున్న వాళ్లకే ముందు టికెట్లన్నారు. తీరా ఫైనల్‌కు లాటరీ తీస్తే నాకు రాలేదు. నాకంటే తక్కువ పాయింట్లున్న వాళ్లకు వచ్చింది. లీగ్ మ్యాచ్‌ల్లో స్పాన్సర్ల సీట్లేమో ఖాళీగా కనిపించాయి. కోర్టుకు వెళ్లవచ్చా? లేదంటే బయట కొనుక్కోవచ్చా?

జవాబు: ఎన్నేళ్లుగా జట్టు వెంట తిరిగినా, కేవలం అభిమానం వల్ల చట్టంలో హక్కు రాదు. మీకు హక్కంటూ ఉంటే అది మీరు కట్టిన రుసుం వల్ల, క్లబ్బు ఇచ్చిన మాట వల్ల వచ్చినదే. కాబట్టి ముందు సభ్యత్వ నియమాలు తీసి చదవండి. ‘పాయింట్ల వరుసలో టికెట్లు కేటాయిస్తాం’ అని ఉంటే, మీ వెనకున్న వాళ్లకు ఇవ్వడం ఒప్పంద ఉల్లంఘనే. ‘లాటరీలో ముందుగా పాల్గొనే అవకాశం ఇస్తాం’ అని మాత్రమే ఉంటే, పేరు రాలేదన్న కారణంతో కేసు నిలబడదు. లాటరీ సక్రమంగా తీశారా లేదా అన్నదొక్కటే అడగగలరు.

చిక్కెక్కడంటే, ప్రకటనలో మొదటి మాట, నియమాల్లో రెండో మాట ఉండే అవకాశం బాగా ఉంది. ఆ ప్రకటన చూసే చేరారని మీరు చూపగలిగితే, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద చాలా దేశాల్లో ఉన్న వినియోగదారుల చట్టం మీకు పనికొస్తుంది. అప్పటి ఈమెయిళ్లు, స్క్రీన్‌షాట్లు ఈ రోజే భద్రం చేసుకోండి. టోర్నీ అయిపోతే ఆ పేజీలు దొరక్కపోవచ్చు.

స్పాన్సర్ల సీట్ల విషయంలో మీ కోపం నాకర్థమైంది గానీ, దాని మీద దావా వేయమని చెప్పలేను. ఎవరికి ఎన్ని సీట్లన్నది చాలావరకు నిర్వాహకుల ఇష్టం. 2026 ప్రపంచకప్‌లో ఆడే ఒక్కో జట్టు సంఘానికి, ఆ జట్టు ఆడే ఒక్కో మ్యాచ్ టికెట్లలో 8 శాతాన్ని ఫిఫా కేటాయించింది. ధరల మీద అభిమానుల సంఘాలు మండిపడ్డాక, 2025 డిసెంబరులో ఆ వాటాలో పదో వంతును 60 డాలర్లకే ఇస్తామంది. అది కోర్టు తీర్పుతో వచ్చింది కాదు, ఒత్తిడితో వచ్చింది.

అలాగని వాళ్లకు హద్దే లేదనుకోకండి. 1998 ప్రపంచకప్‌కు ఫ్రాన్స్ నిర్వాహక కమిటీ కొన్ని టికెట్లను ఫ్రాన్స్‌లో చిరునామా ఉన్నవాళ్లకే అమ్మింది. ఇది మార్కెట్లో తనకున్న ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమేనని 1999లో ఐరోపా సమాఖ్య పాలనా సంస్థ అయిన ఐరోపా కమిషన్ తేల్చింది. జరిమానా మాత్రం 1,000 యూరోలే! అంతకు ముందు టోర్నీల్లోనూ ఇలాగే నడిచింది కాబట్టి నామమాత్రంగా వేసి వదిలేశారు. మీపై ఇలాంటి వివక్ష జరిగిందంటే కేసు బలపడుతుంది. మీ ఉత్తరంలో అది కనిపించలేదు.

ఇక బయట కొనడం: వద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఫుట్‌బాల్ టికెట్లను అనుమతి లేకుండా అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. అన్ని దేశాల్లో అంత కఠినంగా లేకపోయినా, టికెట్ అంటే షరతులతో కూడిన ప్రవేశ అనుమతి మాత్రమే. పేరు కలవలేదని గేటు దగ్గర ఆపేస్తే నిర్వాహకుల్ని ఏమీ అనలేరు. అమ్మినవాడి మీద దావా వేయాలన్నా వాడి అసలు పేరు, చిరునామా మీ దగ్గర ఉండాలి కదా. నిర్వాహకులే నడిపే రీసేల్ ఉంటే దానిలో కొనండి, వాపసు వచ్చిన టికెట్లు అందులో పడతాయి.

ఫైనల్ లోపు కోర్టు మీకు సీటు ఇప్పిస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. క్లబ్బుకు ఈమెయిల్ రాసి మూడు సంగతులు అడగండి: మీ పాయింట్ల స్థానం, టికెట్ వచ్చిన చివరి స్థానం, లాటరీ ఎలా తీశారన్నది. జవాబుకు గడువు పెట్టండి. జవాబులో తేడా కనిపిస్తే రుసుం వాపసు, పరిహారం కోరవచ్చు. దావా ఎక్కడ వేయాలన్నది సాధారణంగా నియమాల చివర ‘వర్తించే చట్టం, న్యాయస్థాన పరిధి’ అనే క్లాజులో ఉంటుంది. అక్కడ వేరే దేశం పేరున్నా వెంటనే నీరుగారిపోకండి, వినియోగదారుడు తన ఊళ్లోనే కేసు వేసుకోవడానికి కొన్ని చట్టాలు వీలిస్తాయి. ఆ క్లాజు కాపీతో స్థానిక లాయర్‌ను కలవండి.