చేతిపని సందేహాలు: పెన్నుకి దుప్పి కొమ్ము

ప్రశ్న: బెంగళూరు జేపీ నగర్‌లో ఉంటున్నాం. ఇంట్లో చిన్న లేత్ మీద టేకు, రోజ్‌వుడ్ పెన్నులు చేస్తున్నాను. ఈమధ్య దుప్పి కొమ్ము పెన్నుల మీద మనసు పడింది. నాగరహొళె వైపు నుంచి ఒకాయన కిలో లెక్కన ఇస్తానంటున్నాడు. అడవిలో రాలిపడిన కొమ్మే గానీ, జంతువుని చంపి తీసింది కాదంటున్నాడు. కొనవచ్చా అండీ?

జవాబు: కొనకండి. దుప్పి, కణితి (సాంబర్ జింక) ఏటా కొమ్ములు రాల్చే మాట నిజమే. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి అది రాలిన కొమ్మా, కోసిన కొమ్మా అన్నదానితో పనిలేదు. అడవి జంతువు కొమ్ము ప్రభుత్వ ఆస్తి. అనుకోకుండా చేతికొచ్చినా 48 గంటల్లోగా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ, అటవీ అధికారికి గానీ తెలియజేయాలి. ఇక కొనడం, అమ్మడం నేరమే. అదీగాక, మీ దగ్గర దొరికితే అది సక్రమంగా వచ్చిందని నిరూపించుకునే బాధ్యత మీ నెత్తినే పడుతుంది. కిలో లెక్కన అమ్మేవాడు మీకు రసీదు ఏమని రాసిస్తాడు?

ఒకప్పుడు మన కణితి కొమ్ము కత్తుల పిడుల కోసం దేశదేశాలకు వెళ్ళేది. 1990ల చివర్లో ఆ ఎగుమతి ఆగిపోయింది. పాత వీడియోల్లో ‘ఇండియన్ స్టాగ్’ అని చూపించేది అదే. అది చూసి మన దేశంలో తేలిగ్గా దొరుకుతుందని చాలామంది పొరబడుతున్నారు. 2023 అక్టోబరులో పులిగోరు లాకెట్ల గొడవ తర్వాత కర్ణాటకలో ఇలాంటి వస్తువుల మీద నిఘా బాగా పెరిగింది.

మీకు కావలసిన పని గేదె కొమ్ముతో అవుతుంది. దాని సంగతి చివర్లో వివరంగా రాశాం.

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి దుప్పి కొమ్ముల జత గోడకి ఉంది. యాజమాన్య ధ్రువపత్రం కూడా ఉంది. ఒక కొన కోసి నాన్నగారికి పెన్ను చేసివ్వాలని ఉంది. (చెన్నై, అన్నానగర్)

జవాబు: వద్దు. ఆ పత్రం వస్తువు ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రమే. అమ్మే హక్కు దానితో రాదు. ముక్క కోస్తే పత్రంలో రాసిన కొలతలకీ, గోడ మీద ఉన్నదానికీ పొంతన ఉండదు. తర్వాత తనిఖీకి వచ్చిన అధికారికి నచ్చజెప్పడం కష్టం. ఉన్నది ఉన్నట్టు ఉంచండి.

ప్రశ్న: మా బావగారు అమెరికాలో, కొలరాడోలో ఉంటారు. అక్కడ ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) కొమ్ము మామూలుగానే అమ్ముతారట. ఎలాంటిది కొనాలి, పెన్నుగా ఎలా తిప్పాలి? నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన గరాజ్‌లోనే చేద్దామనుకుంటున్నాం. ఇక్కడికి తెచ్చుకోవచ్చా? (బెంగళూరు, మారతహళ్ళి)

జవాబు: ముందు తెచ్చుకోవడం సంగతి. జంతు భాగాల దిగుమతికి ముందుగానే అనుమతులు, పత్రాలు ఉండాలి. అవి లేకుండా సూట్‌కేసులో పెడితే కస్టమ్స్ దగ్గర ఆపేస్తారు. అది ఎల్కో, మన కణితో చూసిన చూపుకి ఎవరూ చెప్పలేరు. పెన్ను అక్కడే చేసి, బావగారికే ఇచ్చి రండి.

అక్కడ కొనడానికి ఇబ్బంది లేదు. ఎల్క్ మార్చి, ఏప్రిల్ నెలల్లో కొమ్ములు రాలుస్తుంది. వైట్‌టెయిల్, మ్యూల్ డీర్ అనే అక్కడి జింకలు చలికాలంలోనే రాల్చేస్తాయి. సొంతంగా ఏరుకోవాలంటే మాత్రం ఆ రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి. ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో ఏరడం నిషేధం. వయోమింగ్ పశ్చిమ భాగంలో జనవరి 1 నుంచి కనీసం ఏప్రిల్ 30 దాకా ఏరకూడదు, ఎందుకంటే చలికి నీరసించిన మందని జనం బెదరగొడతారు. జాక్సన్ ఊళ్ళో ఏటా మే నెలలో బాయ్ స్కౌట్స్ పెట్టే ఎల్క్ కొమ్ముల వేలం పేరున్నది.

బేరం పౌండ్ల లెక్కన. ఆ ఏడాది రాలిన గోధుమరంగు కొమ్ము మొదటి రకం. ఎండకి తెల్లబడినా గట్టిగా ఉన్నది రెండో రకం, పెన్నుకి పనికొస్తుంది. సుద్దలా పొడి రాలుతూ నెర్రెలిచ్చింది ఎంత చవకైనా వద్దు. కుక్కలు నమలడానికి అమ్మే ముక్కలు కూడా వాడతారు, కానీ నిలువునా చీల్చినవి కాకుండా గుండ్రంగా ఉన్నవే తీసుకోండి.

అసలు చిక్కంతా కొమ్ము లోపలే ఉంది. దుప్పి కొమ్ము ఎముకే. పైన గట్టి పెంకు, మధ్యలో స్పాంజిలాంటి గుజ్జు. పెద్ద కాండంలో ఆ గుజ్జు భాగం ఎక్కువ. కొనల్లో తక్కువ, అందుకే పెన్నుకి కొనలే మేలు. కొనలు వంకర కాబట్టి పొడుగు ముక్క తిన్నగా దొరకదు. స్లిమ్‌లైన్ (సన్నటి పెన్ను) కిట్ అయితే కొమ్ము లోపల అతికించేవి రెండు చిన్న ఇత్తడి గొట్టాలు, ఒక్కొక్కటి సుమారు 53 మిల్లీమీటర్లు. వంకర ఉన్నా సర్దుకుంటుంది. కనీసం 16 మిల్లీమీటర్ల మందం ఉన్న చోట, గొట్టం కంటే 6 మిల్లీమీటర్లు ఎక్కువగా కోయండి.

కోయగానే రెండు చివర్లా కనిపించే గుజ్జులోకి పల్చటి సూపర్ గ్లూ పోసి, పీల్చుకున్నాక మళ్ళీ పోయండి. త్వరగా ఆరాలని యాక్సిలరేటర్ కొడితే లోపల తెల్లగా నురగ కట్టి, తిప్పాక మచ్చల్లా బయటపడుతుంది. రాత్రంతా వదిలేయడమే మంచిది.

ఒక వైపు బెల్ట్ సాండర్ మీద కాస్త చదును చేస్తే వైస్‌లో కదలకుండా కూర్చుంటుంది. 7 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, వేగం నిమిషానికి 500 చుట్లకి మించొద్దు. 5 మిల్లీమీటర్లు దింపి, బయటికి తీసి, పొడి దులిపి మళ్ళీ దింపాలి. పళ్ళ డాక్టరు దగ్గర వచ్చే కాలిన వాసన వచ్చిందంటే బిట్ వేడెక్కినట్టే, ఆపండి. వేడికే చీలికలు వస్తాయి. బిట్‌ని అవతలి వైపుకి పూర్తిగా దింపకండి, దిగేచోట అంచు పెచ్చులూడుతుంది. కొద్దిగా మిగిలి ఉండగా ఆపి, ఆ చివర రంపంతో కోసేస్తే రంధ్రం శుభ్రంగా బయటపడుతుంది. ఎక్కువగా కోసిన 6 మిల్లీమీటర్లూ అందుకే.

ఇత్తడి గొట్టాన్ని గరుకు ఎమరీతో రుద్ది తెల్లరంగు వేయండి. ఇది చాలామంది వదిలేస్తారు. చివర్ల దగ్గర కొమ్ము గోడ అర మిల్లీమీటరు దాకా పలచబడుతుంది కాబట్టి, రంగు వేయని ఇత్తడి లోపల్నుంచి పచ్చగా తొంగిచూస్తుంది. అతికించడానికి అరల్డైట్ వాడి, ఒక రోజు ఆగండి. చివర్లు చదును చేయడానికి కట్టర్ వద్దు, సాండింగ్ డిస్క్ మీద నెమ్మదిగా రుద్దితే చాలు.

తిప్పడానికి 2000 చుట్ల వేగం, పదునైన పనిముట్టు, చిన్న చిన్న కోతలు. పైబెరడు గరుకుదనం బాగుంటుంది, మధ్యలో అలాగే వదిలేసి చివర్లు మాత్రం బుష్‌ల (లేత్ మీద ముక్కకి రెండు వైపులా కొలత కోసం పెట్టే ఉక్కు రింగుల) కొలతకి దించేవాళ్ళూ ఉన్నారు. మా ఓటు కూడా దానికే. పూర్తిగా నున్నగా చేసేస్తే ప్లాస్టిక్‌కీ దానికీ తేడా తెలియదు.

ఇక్కడే పెన్ను పాడయ్యేది: సాండింగ్ చేసేటప్పుడు బుష్‌ల ఉక్కు పొడి కొమ్ము రంధ్రాల్లో చేరి, చివర్లు బూడిదరంగులోకి తిరుగుతాయి. తర్వాత ఎంత తోమినా పోదు. కొలతకి వచ్చీరాగానే సాండ్‌పేపర్ ముట్టకుండా, ముందు రెండు పూతలు పల్చటి సూపర్ గ్లూ వేసి రంధ్రాలు మూయండి. బుష్‌లు తీసేసి ప్లాస్టిక్ కోన్‌ల మధ్య బిగించి, అప్పుడు 400 నంబరు సాండ్‌పేపర్ నుంచి మొదలుపెట్టండి. పెద్ద గుంటలుంటే తిప్పగా రాలిన పొడినే నింపి గ్లూ చుక్క వేస్తే రంగు కలిసిపోతుంది. మరో ఐదారు పూతల తర్వాతే నీళ్ళతో మైక్రోమెష్ (మెరుపు కోసం రుద్దే అతి నున్నటి సాండింగ్ గుడ్డ). ఎముక పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఎన్95 మాస్కు మొదటినుంచీ ఉండాలి. గరాజ్ తలుపు కూడా తెరిచి పెట్టండి.

ప్రశ్న: గేదె కొమ్ము పెన్నుకి నిలుస్తుందా? చెన్నైలో చేసిన ఒకటి బెంగళూరు తెచ్చాక చివర చిట్లింది. ఎందుకని? (బెంగళూరు, విజయనగర్)

జవాబు: నిలుస్తుంది. అయితే ఇది ఎముక కాదు, మన గోళ్ళలో, వెంట్రుకల్లో ఉన్న పదార్థమే. తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే కుదించుకుపోతుంది. చెన్నైలో వానాకాలంలో అతికించిన కొమ్ము బెంగళూరు మార్చి పొడిగాలికి బిగుసుకుంది. లోపల ఇత్తడి గొట్టం తగ్గదు కదా, పలచగా ఉన్న చివర చిట్లింది. తెచ్చిన కొమ్మును కోసి, మీ ఇంట్లోనే కొన్ని నెలలు ఆరనివ్వండి. కోసిన చివర్లకి మైనం పూస్తే ఒక్కసారిగా ఆరి పగలదు.

మొదలు వైపు డొల్లగా ఉంటుంది కాబట్టి కొన దగ్గరి గట్టి భాగమే అడగండి. ఉత్తరప్రదేశ్‌లో సంభల్ దగ్గరి సరాయ్ తరీన్‌లోనూ, మన శ్రీకాకుళం సరిహద్దుకి అవతల పర్లాకిమిడిలోనూ కొమ్ము పనివాళ్ళున్నారు. శుభ్రం చేసిన ముక్కలు తెప్పించుకోండి. మాంసం మార్కెట్‌లో పచ్చిది తెస్తే లోపలి ఎముక ఊడబెరకాలి. అపార్ట్‌మెంట్‌లో ఆ వాసనకి పక్కింటివాళ్ళు తలుపు తడతారు. బిల్లులో ‘గేదె కొమ్ము’ అని రాయించుకుని దాచండి.

డ్రిల్ వేడికి కొమ్ము మెత్తబడి బిట్‌ని పట్టేస్తుంది, చల్లారాక రంధ్రం కొంచెం బిగుతవుతుంది. అందుకని వేసిన రోజే గొట్టం అతికించకండి. మర్నాడు అదే బిట్‌ని మరోసారి దింపి, అప్పుడు అతికించండి. దీనికి సూపర్ గ్లూ పూత అక్కర్లేదు. 2000 ఎమరీ దాకా రుద్ది, పాలిష్ సబ్బుతో గుడ్డ చక్రం మీద పట్టుకుంటే నల్లగా నిగనిగలాడుతుంది. దుప్పి కొమ్ము రంగే కావాలంటే దంతం రంగు రెజిన్ కడ్డీ తీసుకోవడం నయం.

మిగిలిన కొమ్ము ముక్కల్ని విడిగా పెట్టకండి. ఉన్ని బట్టలు కొరికే పురుగులే దీన్నీ తొలిచేస్తాయి. డబ్బాలో వేసి రెండు నాఫ్తలీన్ ఉండలు పడేసి మూత పెట్టండి.